పెరటిలో నలుబది బెండ మొక్కలు

కృష్ణానది విజయవాడ చేరుటకు కొంచెము ముందు ఎడమగట్టున ఉన్న పెద్ద ఊరు ఇబ్రహీంపట్నము. వెనుక బొమ్మలకు పేరుపడిన కొండపల్లి, ప్రక్కన థర్మల్ విద్యుత్కేంద్రము, ముందు కృష్ణ. హైదరాబాదు పోవు రహదారియు, జగదల్‌పూరు పోవు రహదారియు ఇక్కడనే చీలిపోవును. 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలము కృష్ణాజిల్లా నుండి అందులోనికి వచ్చినది. ఒకప్పుడు ఈ ఊళ్ళలో ఇంటింటికి పెరడు, పెరటిలో నుయ్యి, నూతిగట్టు ప్రక్క అరటిబోదె, దాని వెంట గోంగూర, వంగ, బెండ ఉండెడివి. ఇప్పుడు ఇంటిస్థలములు కురచబడినవి. అయినను ఇంటివెనుక పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల జాగా చాలమందికి మిగిలియే యున్నది. ఆ కొద్దిపాటి జాగాలో ఏ కూర వేయవలెనని నన్నడిగినవారికి నేను మొదట చెప్పునది బెండ.

దీనికి కారణము కలదు. బెండ పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కాయ కూరకు తయారగును. ఇంకొక రెండు రోజులు ఆగినచో పీచు పట్టును. అందుచేత ఎంత పెద్ద తోటలోనైనను దినము విడిచి దినము కోయక తప్పదు. పురుగుమందుల డబ్బాల మీద, మందు చల్లిన తరువాత ఎన్ని దినములు ఆగి పంట కోయవలెనో వ్రాసియుండును. దినము విడిచి దినము కోయు పంటకు ఆ గడువు ఎక్కడిది? గడువు పాటించిన రైతు ఒకటి రెండు కోతలు పోగొట్టుకొనవలెను, లేదా గడువు తీరని కాయనే బజారునకు పంపవలెను. ఇది రైతును నిందించుట కాదు. పంట స్వభావమే అట్టిది. కనుక మందు అంటని కాయ తినవలెనన్నచో అన్ని కూరలలోను ముందుగా ఇంట వేసుకొనదగినది బెండయే. నలుబది మొక్కలను చేతితోను, కంటితోను కాపాడుకొనవచ్చును. నాలుగు ఎకరములను అట్లు కాపాడుట కష్టము.

అయితే ఆ కన్ను దేనిని చూడవలెనో తెలియవలెను. ఈ విషయములో నేనే ఒకసారి పొరబడితిని.

నేను చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మార్చి నెలలో ఇబ్రహీంపట్నము నుండి ఒక గృహిణి ఫోను చేసినది.

"సార్, మా బెండ ఆకులు పచ్చబడిపోతున్నాయండీ. ఏం వెయ్యమంటారు?"

"విత్తి ఎన్నాళ్ళయిందమ్మా?"

"నెల దాటిందండీ."

నత్రజని చాలలేదని తలచి, మొక్కకు చిటికెడు యూరియా వేసి నీరు పెట్టుమని చెప్పి ఊరకుంటిని. మన వైపు "పచ్చబడుట" అనగా పసుపు రంగునకు తిరుగుట. పచ్చకామెర్లు అను మాటలోని పచ్చ అదే. అది నాకు తెలియక కాదు. ఆకులో ఏ భాగము పచ్చబడినదో అడుగలేదు, అదియే తప్పు. పండ్రెండు రోజుల తరువాత వేరొక పని మీద ఆ వీధికి పోయి, ఆ పెరడు కూడ చూచితిని. మొక్కలు యూరియాకు బాగుగా ఏపుగా పెరిగినవి. కాని దాదాపు ప్రతి మొక్కలోను లేతాకుల ఈనెలు పసుపుదారముతో అల్లిన వలవలె మెరయుచున్నవి. ఒక కొమ్మను కదిపినంతనే ఆకుల అడుగునుండి తెల్లదోమ పిండి ఎగిరినట్లు లేచినది. నలుబది మొక్కలకు ముప్పదియొకటి తెగులు పడినవి. కాయలు కురచగా, పాలిపోయి, గట్టిగా ఉన్నవి.

"ఇవి తీసివేయవలసినదేనమ్మా" అంటిని.

"కాస్తున్న చెట్టును చేతులారా పీకితే పాపం కాదుటండీ? రెండు కాయలైనా ఇస్తోందిగా!"

ఆమె మాటకు నాకు వెంటనే సమాధానము తోచలేదు. నేను చెప్పిన యూరియా వలన ఆకులు లేతగా, మెత్తగా వచ్చి దోమకు విందు జరిగినదని మాత్రము తెలియుచున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పి క్షమాపణ కోరితిని. ఆ మడి ఏప్రిల్ దాటలేదు.

పల్లాకు తెగులు

ఆ పెరటిలో కనబడినది పల్లాకు తెగులు. కొందరు దీనిని శంఖురోగమనియు అందురు. మన దేశములో దీనిని మొదట 1924లో బొంబాయి ప్రాంతమునుండి కులకర్ణి అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఇది వైరసు వలన వచ్చు తెగులు. తెల్లదోమ ఒక మొక్క రసము పీల్చి వేరొక మొక్క మీద వ్రాలినప్పుడు అంటుకొనును. చేతితో తాకుట వలన గాని, కాయలు కోయు కత్తి వలన గాని అంటదు. ఒకసారి తెగులు పడిన మొక్కను బాగుచేయు మందు లేదు. దుకాణములో ఏ సీసా ఇచ్చినను అది దోమను చంపుటకే గాని తెగులును మాన్పుటకు కాదు.

ఆకు పచ్చబడుటకు కారణములు నాలుగు కలవు. వానిని వేరుచేసి చూడనేర్చినచో సగము పని అయినట్లే. ముదురాకులు, అనగా మొక్క అడుగు ఆకులు, మొత్తముగా పాలిపోయి, పైఆకులు బాగుగా ఉన్నచో నత్రజని లోపము. లేతాకులలో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, ఈనెల మధ్యభాగము పసుపుగా మారినచో ఇనుపధాతువు లోపము; సున్నము పాలు హెచ్చుగా నున్న నేలలలో ఇది కనబడును. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లినచో ఆకు మరల పచ్చదనము పొందును. ఆకు అంచులు మాత్రము పసుపై, పైకి దోనెవలె ముడుచుకొని, తరువాత ఎర్రబారి మాడినట్లున్నచో అది పచ్చదోమ పని. ఇక నాల్గవది పల్లాకు. ఇనుపలోపమునకు ఇది సరిగా తలక్రిందులు: ఈనెలు పసుపు, మధ్యభాగము ఆకుపచ్చ. తెగులు ముదిరినప్పుడు ఆకంతయు పసుపగును గనుక లేతాకునే పట్టి చూడవలెను. ఆకును ఎండకు ఎదురుగా ఎత్తి చూచినచో పిల్లలు కూడ పోల్చగలరు.

తెగులు ఎప్పుడు పడినదను దానిని బట్టి నష్టము మారును. శాస్త్రి, సింగ్ అను శాస్త్రజ్ఞులు 1974లో ప్రచురించిన పరిశోధనలో, విత్తిన 35 దినములలో తెగులు సోకినచో దిగుబడి నూటికి సుమారు 94 వంతులు, 50 దినములకు సోకినచో 84 వంతులు, 65 దినములకు సోకినచో 49 వంతులు తగ్గినట్లు తేలినది. ఆ గృహిణి "రెండు కాయలైనా ఇస్తోందిగా" అన్న మాటకు సమాధానము ఈ లెక్కలో ఉన్నది. నెల దాటిన కొద్దిరోజులకు పచ్చబడిన మొక్క ఇచ్చునది ఆ రెండు కాయలే. వాని కొరకు దానిని నిలిపినచో ప్రక్కనున్న మంచి మొక్కల కాపు పోవును. రెండు నెలలు నిండిన తరువాత, కాపు సగము అయిపోయిన మడిలో తెగులు కనబడినచో సంగతి వేరు. ప్రక్కన లేత బెండ మడి లేకున్నచో అట్టివానిని ఉంచి మిగిలిన కాయ కోసికొనవచ్చునని నా అభిప్రాయము. లేత మడి ఉన్నచో మాత్రము ముసలి మొక్కనైనను ఉంచరాదు.

పీకుటకును ఒక పద్ధతి కలదు. ఎండ వచ్చిన తరువాత పీకినచో ఆకుల అడుగున ఉన్న దోమ లేచి ప్రక్క మొక్కల మీదికి పోవును. తెల్లవారుజామున చలికి దోమ మందముగా నుండును. అప్పుడు మొక్క మీద పెద్ద సంచిని నెమ్మదిగా తలనుండి మొదలువరకు తొడిగి, సంచితో సహా పీకి, మూతి కట్టి రెండు రోజులు ఎండలో పడవేయవలెను. తరువాత దానిని ఎరువుగుంటలో వేయవచ్చును. పెరటిగోడ వెంట, ఖాళీ స్థలములలో పెరుగు తుత్తురబెండ తెల్లదోమకు పుట్టినిల్లు. దానిని పూత రాకముందే తీసివేయవలెను. ఆ పని ఒక్కరు చేసిన చాలదు. ప్రక్క ఖాళీస్థలము ఎవరిదైనను, వీధివారు కలసి చేసిననే ప్రయోజనము.

విత్తనము

ఇక్కడ కొంచెము చరిత్ర చెప్పవలెను. 1960 ప్రాంతమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ నుండి పూసా సవానీ అను రకము వచ్చినది. హర్భజన్ సింగ్ మొదలగువారు పశ్చిమ బెంగాలునుండి తెచ్చిన ఒక రకమును పూసా మఖ్‌మలీతో సంకరపరచి దానిని తయారుచేసిరి. పల్లాకు తెగులును తట్టుకొనుటచే అది దేశమంతటను వ్యాపించినది. కాని కాలక్రమమున ఆ శక్తి పోయి, అదియు తెగులుకు లొంగినది. తరువాత బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థవారు అడవిబెండ జాతితో సంకరము చేసి అర్క అనామిక, అర్క అభయ్ అను రకములు, పర్భణీ విశ్వవిద్యాలయమువారు పర్భణీ క్రాంతి ఇచ్చిరి. వారణాసి నుండి కాశీ రకములు వచ్చినవి. అనామిక అనగా పేరులేనిదని అర్థము. పేరులేని ఆ రకమునకే పెరటి తోటలలో మంచి పేరు వచ్చినది. అయితే ఏ రకమైనను తెగులు రానేరాదని చెప్పజాలము. తట్టుకొను రకము వేసినచో వచ్చు తెగులు తక్కువగా, ఆలస్యముగా వచ్చును. అంతవరకే నమ్మవలెను.

దుకాణములో సంకరజాతి విత్తనములు కూడ చాల దొరకును, కాపు బాగుగానే యుండును. కాని వాని గింజ దాచి మరల వేసినచో తల్లి లక్షణములు నిలువవు. గింజ దాచుకొనదలచినవారు అనామిక వంటి సూటిరకమునే వేయవలెను.

విత్తుటకు మన ప్రాంతమున రెండు అదనులు. తొలకరిలో జూన్, జూలై. వేసవి పంటకు జనవరి నెలాఖరు నుండి ఫిబ్రవరి చివరివరకు. డిసెంబరు చలిలో మొలక ఆలస్యమై మొక్క గిడసబారును. మార్చిలో విత్తినది దోమ ఉద్ధృతిలో లేతమొక్కగా చిక్కును గనుక వేసవి పంట ఎంత ముందు వేసిన అంత మంచిది. పైన చెప్పిన 35 దినముల లెక్క మరువరాదు.

మడి తయారు

ఇబ్రహీంపట్నములో నేల అంతట ఒకే తీరు కాదు. యేటి వైపు వండ్రు, కొండ వైపు రాతి నేల. క్రొత్త ఇండ్ల పెరళ్ళలో అయితే అసలు నేలయే కనబడదు. పల్లము పూడ్చుటకు తోలించిన గ్రావెలు అడుగు మందమున ఉండును. దానిలో గింజ మొలచును గాని మొక్క నిలువదు. బెండకు లోతుగా దిగు తల్లివేరు ఉన్నది. అట్టిచోట వరుస వెంట అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలువ త్రవ్వి, గ్రావెలు తీసివేసి, చెరువు మట్టి రెండు వంతులు, చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపవలెను. ఇంటికి సున్నము వేయగా, సిమెంటు పని చేయగా మిగిలిన చెత్త అందులో పడరాదు.

దినమునకు కనీసము ఆరు గంటలు ఎండ తగులు చోటు కావలెను. గోడ నీడలో వేసిన బెండ ఆకులే పెంచును. నీరు నిలుచుటను బెండ ఓర్వలేదు. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు, కృష్ణ పొంగిన దినములు అందరికి జ్ఞాపకమే. అంత ఉపద్రవమునకు ఏ పెరటి పంటయు నిలువదు గాని, మామూలు వానకు నిలుచు నీటినుండి కాపాడుటకు తొలకరి పంటను బోదెల మీద వేయవలెను. వేసవిలో చదును మడి చాలును.

పది అడుగులకు ఆరడుగుల మడిలో అడుగున్నర ఎడముగా నాలుగు వరుసలు, వరుసలో అడుగునకు ఒక మొక్క చొప్పున నలుబది మొక్కలు పట్టును. కాపు ముమ్మరముగా ఉన్నప్పుడు ఒక్కొక్క మొక్క సుమారు రెండు దినములకు ఒక కాయ ఇచ్చునని లెక్క వేసినను, కోత కోతకు దాదాపు అర కిలో వచ్చును. నలుగురున్న ఇంటికి ఒక పూట వేపుడో, పులుసో సరిపోవును. జాగా ఇంకొంచెము ఉన్నచో ఒకేసారి విత్తక మూడు వారముల ఎడముగా రెండు మడులు వేసుకొనవచ్చును. అట్లు చేసినచో పాత మడిని పల్లాకు విషయములో మరింత కనిపెట్టి యుండవలెను.

మడికి చివికిన పశువుల ఎరువు 15 నుండి 20 కిలోలు, సూపరు ఫాస్ఫేటు 200 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 50 గ్రాములు కలిపి త్రవ్వవలెను. యూరియా మడి మొత్తమునకు 45 గ్రాముల చొప్పున 30వ దినమున ఒకసారి, 45వ దినమున ఒకసారి చాలును. పిడికిలి చొప్పున మొక్క మొదట పోయువారిని నేనెరుగుదును. పైన చెప్పిన నా కథ వారికొరకే. పశువుల ఎరువు దండిగా వేసినవారు మొదటి మోతాదు మానివేయవచ్చును.

గింజలను ఒక రాత్రి నీటిలో నానవేసి, ఉదయము నీరు వంచి, నీడన కొంచెము ఆరనిచ్చి, అంగుళము లోతున గుంటకు రెండేసి పెట్టవలెను. నలుబది గుంటలకు కావలసినది ఐదు గ్రాముల గింజయే. నారు పోసి నాటుట బెండకు పనికిరాదు; తల్లివేరు విరిగిన మొక్క వెనుకబడును. నాలుగైదు దినములలో మొలక వచ్చును. రెండు వారములకు బలమైన మొక్కను ఉంచి రెండవదానిని పీకక, కత్తిరించివేయవలెను. పీకినచో ఉంచదలచిన మొక్క వేరు కూడ కదలును. నీరు వేసవిలో మూడు నాలుగు దినములకు ఒకసారి, వర్షాకాలమున బెట్ట వచ్చినప్పుడు మాత్రమే. వంటింట బియ్యము, కూరలు కడిగిన నీరు పోయవచ్చును. సబ్బు నీరు పోయరాదు.

నేల లేనివారు అడుగు లోతు గల తొట్లలో, సిమెంటు సంచులలో తొట్టికి ఒక మొక్క పెంచవచ్చును. వానికి వేసవిలో దినము నీరు కావలెను.

పురుగులు, మందులు

పత్తి, బెండ, గోంగూర, మందార ఒకే కుటుంబమునకు చెందినవి. మన జిల్లాలో నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తి చేలను బాధించు పచ్చదోమ, తెల్లదోమ, మచ్చల కాయతొలుచు పురుగు బెండ మీదను వచ్చును. ఇది కారణముగా ఒక ప్రమాదకరమైన అలవాటు పుట్టినది. పత్తిచేలో చల్లగా సీసాలో మిగిలిన మందును తెచ్చి పెరటి బెండ మీద చల్లుచున్నారు. "రెండింటి పురుగూ ఒకటే కదా" అందురు. పురుగు ఒకటే గాని, పత్తిని మనము తినము. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించిరి. అట్టి మిగులు సీసాలు ఇంట నుండుటయే పిల్లలకు ముప్పు. పెరటి బెండకు వానితో పని లేదు.

చేయవలసినది ఇది. వారమునకు రెండుమార్లు ఆకుల అడుగు చూడవలెను. మొవ్వు వాడి తల వాల్చినచో అందులో తొలుచు పురుగు ఉన్నదన్నమాట. వాడిన భాగమునకు రెండంగుళములు క్రిందుగా త్రుంచి, పురుగును చంపవలెను. రంధ్రము పడిన కాయను కోసి పెరటిలోనే పారవేయక లోతుగా పూడ్చవలెను. పాత రేకు ముక్కకు పసుపు రంగు వేసి, ఆముదము పూసి మొక్కల ఎత్తున కట్టినచో తెల్లదోమ వచ్చి అంటుకొనును. ఇది దోమనంతటిని పట్టదు గాని, దోమ వచ్చినదని ముందుగా తెలుపును. దోమ కనబడినప్పుడు వేపగింజల కషాయము చల్లవలెను. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు చొప్పున దంచి, రాత్రి నానవేసి, ఉదయము వడకట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి, సాయంకాలము ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను. గింజలు లేనప్పుడు లీటరుకు 5 మి.లీ. వేపనూనె చాలును. ఆకుల పైభాగము మాత్రము తడిపి "వేపనూనె పనిచేయలేదు" అను ఫిర్యాదులు నాకు చాల వచ్చును. మందు చల్లిన దినమునకు ముందే కాయ కోసికొని, తరువాతి కోత కాయను బాగుగా కడిగి వండుకొనవచ్చును.

పేనుబంక ఉన్నచోట ఎర్రని రెక్కల మీద నల్లచుక్కలు గల అక్షింతల పురుగు చేరినచో మందు మానివేయవలెను. అది పేనుబంకను తిని బ్రతుకును. ఆకుల మీద తెల్లని బూడిద తెగులు గాని, ఎర్రనల్లి గాని కనబడినచో నీటిలో కరగు గంధకము లీటరుకు 3 గ్రాములు చల్లవచ్చును. మండువేసవి ఎండలో చల్లినచో ఆకు మాడును.

ఇబ్రహీంపట్నమువారికి మరొక్క మాట. పూర్వము మన ఇండ్లలో పొయ్యి బూడిదను తెల్లవారుజామున మంచు తడి ఉన్నప్పుడు ఆకుల మీద చిమ్మెడివారు. పేనుబంకకు అది కొంత పనిచేయును, నేలకు కొంత పొటాషు ఇచ్చును. గ్యాసు వచ్చిన తరువాత ఇంట బూడిద లేదు. బొగ్గు కాల్చగా వచ్చు థర్మల్ బూడిద ఈ ప్రాంతమున సులభముగా దొరకుట చూచి, "ఇదియు బూడిదయే గదా" అని కొందరు మడిలో కలుపుచున్నారు. కట్టెబూడిద వేరు, బొగ్గుబూడిద వేరు. రెండవదానిలో ఎక్కువ భాగము ఇసుక వంటి పదార్థము. మొక్కకు అందు పొటాషు అతి స్వల్పము. ఆర్సెనిక్ వంటి చెడు ధాతువులు కొద్దిగానైనను ఉండును. ఇటుకలకు, సిమెంటుకు అది మంచిదే. కూరమడిలో దానికి చోటు లేదు.

కోత

విత్తిన 40, 45 దినములకు పూత, ఐదారు దినములు గడువగానే మొదటి కోత. కాయ కొన విరిచి చూచుట మన ఆడవారికి బజారులో అలవాటు. కూరలమ్మువాడు కసరుకొనుటయు అలవాటే. పెరటిలో కసరువారు లేరు గనుక ఆ పరీక్ష ధైర్యముగా చేయవచ్చును: కొన ఫెళ్ళున విరిగిన కాయ లేతది, వంగినది ముదురు. ముదిరిన బెండకాయను ముదిరిన బ్రహ్మచారితో పోల్చిన సామెత అందరికి తెలిసినదే. సామెత చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఒక కాయ ముదిరినచో ఆ మొక్క తన బలమును గింజకు పెట్టి, క్రొత్త పూత తగ్గించును. కనుక వంటకు పనికిరాని ముదురు కాయనైనను కోసి పారవేయవలెను. ఊరికి పోవువారు ప్రక్క ఇంటివారికి కోసికొమ్మని చెప్పి పోవుట మేలు. ఉదయము చల్లనివేళ, తొడిమతో సహా కత్తితో కోయవలెను. ఆకుల నూగు దురద పెట్టును; చేతులకు గుడ్డ కట్టుకొనవచ్చును.

కాపు అయిపోయిన మొక్కను మోకాలెత్తున కొట్టివేసినచో మరల చిగిర్చి కొంత కాయును. కొందరు దీనిని మెచ్చుకొందురు. పాత మొక్కలోని పల్లాకు, తొలుచు పురుగు క్రొత్త చిగురుకు సంక్రమించును గనుక నేను సలహా ఇవ్వను. పీకి, ఆ చోట చిక్కుడో, ఆకుకూరో వేయుట మంచిది. బెండ వెంట మరల బెండ వేసినచో వేరుబుడిపెలు కలిగించు నులిపురుగులు పెరుగును. బెండ కాండములో జిగురు ఎక్కువ. బెల్లము వండునప్పుడు చెరకు రసములోని మడ్డి తేర్చుటకు దానిని దంచి వాడుదురు.

నేను తప్పు సలహా ఇచ్చిన ఇంటివారు మరుసటి సంవత్సరము ఫిబ్రవరి మొదటి వారమున అదే జాగా ప్రక్కన అనామిక విత్తిరి. ఈసారి ఫోను రాలేదు. మార్చి నెలాఖరున నేనే పోయితిని. మడిలో ఆరు ఖాళీలు కనబడినవి.

"ఆరు తీసేశానండీ. లేతాకు ఎండకి పట్టి చూసుకుంటున్నాను. మొదటిదానికి మనసొప్పలేదు గానీ, తర్వాత అలవాటైపోయింది."

మిగిలిన ముప్పదినాలుగు మొక్కలు మే నెల చివరివరకు కాచినవి. మొదటి నుండి తెగులు లేకుండ నిలిచిన మూడు మొక్కలకు ఎర్రదారము కట్టి, మధ్యకాపులో మొక్కకు నాలుగేసి కాయలు గింజకు విడిచిపెట్టవలెనని చెప్పితిని. కాయ గోధుమరంగు తిరిగి, అంచుల వెంట పగులు పట్టినప్పుడు కోసి, నీడలో ఎండబెట్టి, ఒలిచి, తడి లేని సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, రకము పేరు, కోసిన నెల వ్రాసి అంటింపవలెను. ప్రక్క పెరటిలో వేరొక రకమున్నచో తేనెటీగల వలన కల్తీ అగును. అట్టిచోట గింజకు ఉంచదలచిన పువ్వును విచ్చుటకు ముందు సాయంకాలమే పలుచని గుడ్డసంచిలో ఉంచి, కాయ కట్టగానే తీసివేయవలెను. అట్లు దాచిన గింజ మరుసటి సంవత్సరము బాగుగా మొలచును. రెండవ యేటికి మొలక తగ్గును గనుక గుంటకు మూడేసి పెట్టవలసివచ్చును.